పెట్రోలు బంకు అర్జీలో మొగుళ్ళ పేర్లు

ఆ రోజుల్లో సర్కారు ఆఫీసులో పని అంటే పని కాదు పిల్లలూ, నడక. పొద్దున్నే వెళ్ళడం, బెంచీ మీద కూర్చోవడం, "సారు క్యాంపు పోయిండు, సోమారం రాండ్రి" అనిపించుకుని తిరిగి రావడం. ఇప్పుడు నా మోకాళ్ళ నొప్పులకు డాక్టరు వయసే కారణం అంటాడు గానీ, సగం అరుగుదల ఆ పెట్రోలు బంకు అర్జీదేనని నాకు తెలుసు.

అప్పటికి నాకు పెళ్ళై ఏడాది. మట్టెవాడలో ఒక పెంకుటింట్లో నడిచే బాల్వాడీకి టీచరుగా చేరాను. మగ్గాలు నేసే ఇళ్ళ పిల్లలు పాతికమంది దాకా వచ్చేవాళ్ళు (వాళ్ళ ముక్కులు తుడవడమే ఒక ఉద్యోగం). మా గోడ పక్కనున్న ఖాళీ జాగా ఎరువుల సేఠ్‌ది. ఎరువుల దుకాణం ఉండబట్టి ఆ పేరు. మనిషి చెడ్డవాడు కాదు, ఎదురొస్తే నమస్తే పెట్టేవాడు. ఆ జాగాలో పెట్రోలు బంకు పెడతానని ఆయన పర్మిషనుకు పెట్టుకున్నాడు. అభ్యంతరాలుంటే చెప్పుకోమని గోడకు నోటీసు అంటించారు. ఆ గల్లీలో నూలుకు రంగులద్దే పొయ్యిలు వాకిళ్ళలోనే మండుతుండేవి. ఒక్క నిప్పురవ్వ అటు ఎగిరితే? మధ్యాహ్నం పిల్లల్ని వరుసగా పడుకోబెట్టి ఆ గోడ వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

అర్జీ నేనే రాశాను. మగవాళ్ళు మగ్గాల మీంచి లేవలేక సంతకాలకు ఆడవాళ్ళను పంపారు. అర్జీలో పేరు, దాని పక్కన భర్త పేరు రాయాలి. అక్కడ వచ్చింది చిక్కు. మొగుడి పేరు నోటితో చెప్పడం అప్పట్లో మా ఇళ్ళలో ఉండేది కాదు.

"నేనెట్ల జెప్తనే టీచరమ్మా! తిర్పతి కొండ మీద ఉంటడు సూడు, గాయిన పేరే."

వెంకటేశ్వర్లు అని రాశాను.

"మా ఇంటాయినది లంక కాలవెట్టినాయిన పేరు." హనుమంతు అని రాశాను. "మాది ఎములాడ దేవుని పేరు" అని ఇంకొకామె అంటే, రాజన్న అని రాశాను. దేవుళ్ళ సంగతి నాకు బాగా తెలుసని లోపల కాస్త గర్వం కూడాను. ఇంకెవరినీ అడిగి సరిచూసుకోలేదు.

అయిదు వాయిదాల తర్వాత ఆఫీసరు మమ్మల్ని పిలిచాడు. ఆ రోజు బాల్వాడీ మూసేశాను కాబట్టి పిల్లల్ని చంకనేసుకునే వచ్చారందరూ. సేఠ్ తరఫు వకీలు ఓటర్ల లిస్టు తీసి మా అర్జీ పక్కన పెట్టాడు.

"సార్, గీ గల్లీల హనుమంతు అనేటోడే లేడు. వెంకటేశ్వర్లు లేడు. రాజన్న లేడు. అంత బోగస్!"

"ఏమ్మా, మీ ఆయన పేరేంది?" అని ఆఫీసరు మొదటామెను అడిగాడు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది. రెండో ఆమె గోడ వైపు తిరిగింది.

"మొగని పేరు గూడ తెల్వకపోతే అర్జీ కొట్టేస్త మరి" అన్నాడాయన. నా తెలివితేటల వల్ల ఇంతమంది పిల్లలు బంకు పక్కన పడుకోవాలన్నమాట.

బాల్వాడీలో నేను నేర్పే మొదటి పాఠమే అప్పుడు గుర్తొచ్చింది (జాతరలో తప్పిపోతే చెప్పగలగాలని నేర్పేదాన్ని). పొద్దుటి ప్రార్థన గొంతుతో అరిచాను.

"పిల్లలూ! మీ నాయిన పేరేంది?"

"మా నాయిన పేరు ఏడుకొండలూ!"

"ఆంజనేయులూ!"

"మా నాయిన పేరు రాజలింగం! మా అమ్మ 'ఇగో' అని పిలుస్తది!"

ఆఫీసరు నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏం వకీల్ సాబ్, గీ సాక్షులు గూడ బోగసేనా?" అని ఎర్ర పెన్నుతో పేర్లన్నీ తానే దిద్దాడు. చివరికి నా పేరు దగ్గర ఆగాడు.

"మీదేంది టీచరమ్మా, ఖాళీ ఉన్నది?"

రాసే రోజు మా అత్త పక్కనే కూర్చుంది మరి, ఆమె ముందు రాయడానికీ సిగ్గేసింది! అరిచి చెప్పడానికి నాకింకా పిల్లలూ లేరు. ఓ పిల్ల చేతిలోని పలక లాక్కుని, రాసి, ఆఫీసరుకు చూపించాను. ఆయన గట్టిగా చదివాడు. ఆడవాళ్ళంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత కూడా ఫైలు రెండేళ్ళు తిరిగింది, దాంతోపాటు నేనూ. చివరికి సేఠే విసిగిపోయి ఊరి బయట హైదరాబాద్ రోడ్డు మీద బంకు పెట్టుకున్నాడు. గెలిచామని సంబరపడే ఓపిక కూడా అప్పటికి నాలో లేదు.

పలక సంగతి విన్న రోజు మీ తాత పడీపడీ నవ్వాడు. "రాసుడు సరే, నోటితోని ఎప్పుడు జెప్తవు? ఏదీ, ఒక్కసారి."

"ఊకోండ్రి, అత్త ఇంటది" అని వంటింట్లోకి పోయాను. ఆ తర్వాత అత్త వినలేని కాలం వచ్చింది, ఆయన అడగడమూ మానేశాడు. నేను మాత్రం చెప్పలేదు.

మీ తాత పోయాక, ఇప్పుడు ఏటా పెన్షన్ ఆఫీసుకు పోతాను. కిటికీ వెనకాల పిల్ల భర్త పేరడుగుతుంది.

"భద్రయ్య!" అంటాను.

"మెల్లగ జెప్పు అమ్మమ్మా, నాకు ఇనబడ్తాంది" అంటుందా పిల్ల. దానికి వినబడుతుందని నాకూ తెలుసు. పలక పట్టుకుని తలొంచుకున్న ఆ టీచరమ్మను తలచుకుని నవ్వుకుంటూ, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగుతాను.