మిల్లు గోడలో నాలుగిటుకల కన్నం

మొన్న వాన వెలిశాక పెరట్లో బొమ్మ రైలుపట్టాల మీద పడ్డ జామాకులు ఏరుతుంటే, పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగిచూసి, "ఏవండీ, మీ బొమ్మ మిల్లు గోడకి కన్నం పడిందండీ, ఎలుకలేమో చూసుకోండి" అని ఎంతో ఆదుర్దాగా చెప్పింది. ఎలుకలు కాదండీ, నేనే కోశాను అన్నాను. ఆవిడ నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, మరేమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయింది. డెబ్భై దాటిన మనిషి పెరట్లో బొమ్మ మిల్లు కట్టడమే ఆవిడకి వింత, కట్టినదానికి మళ్లీ తనే కన్నం పెట్టుకోవడం ఇంకా వింత. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు, విసుక్కోకుండా వింటారు, అందుకే రాస్తున్నాను.

మా ఇల్లు ఏలూరులో. మావారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, నేను డ్రాయింగు టీచరుగా. రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలంటారు గానీ మావారికి పట్టిన వ్యాపకం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పెరడంతా చుట్టి వచ్చేలా చిన్న చిన్న పట్టాలు పరిచి, కరివేపాకు చెట్టు దగ్గర ఒక స్టేషనూ, బట్టలుతికే బండ పక్కన ఒక వంతెనా కట్టి, సాయంత్రం ఆరయ్యేసరికి కుర్చీ వేసుకుని రైలు నడిపిస్తారు. అయితే ఆ గూడ్సు పెట్టెల్లోకి సరుకు ఎక్కే చోటు ఎక్కడా లేదని ఆయనకి బెంగ పట్టుకుంది. లెక్కల మనిషి కదా, ఊరికే తిరిగే బండి అంటే మనసొప్పదు. ఏదైనా ఫ్యాక్టరీ కట్టిపెట్టమని నా వెంటపడ్డారు. నాకు బాగా తెలిసిన ఫ్యాక్టరీ ఒక్కటే. తాడేపల్లిగూడెం స్టేషనుకి కాస్త ఇవతల, పట్టాలని ఆనుకుని ఉండే ఉప్పుడుబియ్యం మిల్లు, మా అన్నయ్య బాయిలరు దగ్గర పనిచేసిన మిల్లు.

ఆ మిల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో ఫంక్షన్ హాలు లేచింది. ఫోటో ఒక్కటీ దొరకలేదు. అసలు అడుగుకి బొమ్మలో అరంగుళం అని లెక్క పెట్టుకుని, జ్ఞాపకం మీదే గీసుకున్నాను. తలుపు ఎత్తు కోసం అన్నయ్యని తలుచుకున్నాను, పొడుగు మనిషి, తల వంచి లోపలికెళ్లేవాడు. గోడలకి సన్‌బోర్డు అట్ట కోసి, సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొనతో వరస వరసా ఇటుకలు గీశాను. ఒక్క రైలు వైపు గోడకే నాలుగు రోజులు పట్టింది, నడుం కూడా పట్టేసింది. కప్పుకి నూనెడబ్బా రేకు కత్తిరించి, అల్లిక సూది మీద ఒక్కొక్క మడతే నొక్కుకొచ్చాను. పొగగొట్టానికి మావారి పాత సైకిలు పంపు సరిగ్గా సరిపోయింది. ఆయన పంపు కోసం రెండు రోజులు వెతుక్కుని, మూడోనాడు దాన్ని మిల్లు మీద చూసి ఊరుకున్నారు. ఎండకీ వానకీ ఆగాలని జేగురు రంగు మీద రెండు పూతలు వార్నిష్ వేసి, ముందు ధాన్యం ఆరబోసే గచ్చు కూడా పోశాక, నా పనితనానికి నేనే మురిసిపోయాను. నాకు ఆ జబ్బు మొదట్నుంచీ ఉంది.

అన్నయ్యకి దాన్ని చూపించాలని నా ఆరాటం. చూపించడం అన్నది మాటవరసకే, నీటికాసులొచ్చి వాడికి రెండేళ్లుగా చూపు లేదు. ఇప్పుడు కైకలూరులో కూతురి దగ్గరుంటాడు. డాక్టరు ఇక లాభం లేదని చెప్పేశాక వాడు మాటలు బాగా తగ్గించేశాడు, అన్నం కంచం ముందు కూడా ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిస్తేగానీ కదలడం లేదని మా మేనకోడలు ఫోనులో చెప్పి ఏడ్చింది. కళ్లతో కాకపోతే వేళ్లతోనైనా తన మిల్లుని గుర్తుపడితే, మనిషి మళ్లీ మనిషవుతాడని నా ఆశ. గుర్తుపట్టకపోతే ఏం చేయాలో నేను ఆలోచించుకోలేదు.

అసలు ఆ మిల్లుతో నా సంబంధం కూడా చెప్పాలి. నాన్న పోయాక అమ్మా నేనూ దెందులూరులో ఉండేవాళ్లం, అన్నయ్య మిల్లు వెనక గదిలో ఉండేవాడు. నాకు తాడేపల్లిగూడెం హైస్కూల్లో టెంపరరీ పోస్టు వచ్చింది. అమ్మని ఒంటరిగా వదల్లేక రోజూ పాసింజరులో వెళ్లొచ్చేదాన్ని. ఆ బండి వేళకి వచ్చిన రోజు పండగే. మా స్కూల్లో గోడగడియారాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. తొమ్మిదిన్నరకి మిల్లులో పనివాళ్లు చద్దన్నాలకి లేవాలని ఆవిరికూత వేస్తే, అది విని మా ప్యూను బెల్లు కొట్టేవాడు. బెల్లు తరవాత వచ్చిన టీచరు పేరు పక్కన హెడ్‌మిస్ట్రెస్ గారు ఎర్రసిరాతో గీత పెట్టేవారు. టెంపరరీవాళ్లకి మూడు గీతలు పడితే ఉద్యోగం పోయినట్టే. చేరిన నెలలోనే నాకు రెండు పడ్డాయి. ఆ ఆదివారం అన్నయ్య ఇంటికొస్తే వెక్కి వెక్కి ఏడ్చాను. వాడు అన్నం తింటూ, చూద్దాంలే అమ్మడూ అన్నాడంతే. నాకు ఒళ్లు మండింది, వీడికి చీమ కుట్టినట్టయినా లేదు అనుకున్నాను.

మూడో గీత పడలేదు. నేను పరుగెత్తుకుంటూ గేటులో అడుగుపెట్టడం, అప్పుడే కూత వినబడడం, రోజూ ఇదే వరస. నా జాతకం మారిందనుకున్నాను. పోస్టు పర్మనెంటయింది, ఆనక ఏలూరుకి బదిలీ అయింది, ఏళ్ల తరబడి పిల్లల్ని వరసలో నిలబెట్టి, రైల్లో వచ్చి కూడా వేళ తప్పని మనిషిని నేనని ఎన్నిసార్లు ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. నేను గూడెంలో ఉండగానే ఆ స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల మాస్టారి చేతివాచీ మాత్రం ఎప్పుడూ మిల్లు కూతకన్నా ముందుండేది, ఒకనాడు అయిదు నిమిషాలు, ఒకనాడు పన్నెండు. వాళ్ల నాన్నగారిచ్చిన వాచీ అది. పాపం రెండుసార్లు రిపేరుకిచ్చి, స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వుతుంటే భరించలేక పెట్టెలో పడేశారు. ఆ మాస్టారే తరవాత మావారయ్యారు.

కిందటి నెల మేనకోడలు అన్నయ్యని తీసుకొచ్చి దింపింది. పెరట్లో స్టూలు వేసి కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని మిల్లు మీద పెట్టాను. వాడి వేళ్లు పొగగొట్టం మీద ఆగాయి, కప్పు రేకుల మీదుగా దిగాయి, తలుపు దగ్గర నవ్వాడు. ఎన్నాళ్లయిందో వాడి నవ్వు చూసి. తరవాత రైలు వైపు గోడ తడిమాడు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, మళ్లీ ఆ చివర్నుంచి ఈ చివరికి. మొహం మారిపోయింది.

"ఇక్కడ కన్నం ఉండాలే, అమ్మడూ."

కన్నమేమిటన్నాను. పొద్దున్న దిగే తొందరలో తల తిప్పకపోయినా, ఆ గోడని సాయంత్రం బండిలోంచి రోజూ చూసేదాన్ని, నిండు గోడ. అందులో ఏ కన్నమూ లేదని వాదించాను, నాలుగు రోజులు గీసిన గోడ కదా.

"సాయంత్రం ఎలా కనబడుద్దే? పొద్దున్న పనయ్యాక గోనెపట్టా కుక్కేసేవాణ్ణి. బాయిలరు పక్కన నాలుగిటుకలు నేనే ఊడదీశాను. నీ బండి వెళ్లడం చూసి, స్టేషన్నుంచి నీ నడక లెక్కేసుకుని, అప్పుడు కూత లాగేవాణ్ణి."

వాడు ఇన్నాళ్లూ మాట్లాడనిదంతా ఒకేసారి మాట్లాడాడు. ఓనరు నిలదీస్తే, ఊక తడిసిందండీ, ఆవిరెక్కలేదండీ అని చెప్పేవాడట. ఒక ముసురు రోజున బండి మరీ ఆలస్యమైతే ఏకంగా నిప్పు ఆర్పేసి బాయిలరు పాడయిందన్నాడట, ఇంకోసారి ఇలా అయితే ఇంటికెళ్లిపొమ్మన్నాడట ఓనరు. మరి కూత లేకపోతే గచ్చు మీద పనివాళ్ల మాటేమిటని అడిగాను. తెల్లారకట్లనుంచి వేడి ధాన్యాన్ని కాళ్లతో తిరగేసే ఆడవాళ్లు, కూత పడితేగానీ చద్దన్నం మూట విప్పడానికి లేదు.

"వాళ్లకి తెలుసే. మీ చెల్లెమ్మ దిగిందాండీ అని వాళ్లే అడిగేవాళ్లు."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. పేర్లు కూడా తెలియని ఆ తల్లులు కాలే కాళ్లతో, ఖాళీ కడుపులతో నాకోసం ఆగారు. నేనేమో వాళ్ల ఓపికనంతా నా గొప్ప కింద రాసుకుని ఇన్నేళ్లూ పిల్లల మీద అరిచాను. సిగ్గేసింది, ఆ వెంటనే అన్నయ్య మీద చెప్పలేనంత ప్రేమా పుట్టుకొచ్చింది. అన్నయ్య మావారి వైపు తిరిగి, మీ వాచీ సంగతి అప్పట్లోనే విన్నాను బావగారూ, క్షమించండి, ఆడపిల్ల ఉద్యోగమని ఊరుకున్నాను అన్నాడు. మావారు, అయితే నా వాచీ బాగానే ఉందన్నమాట అని లేచి లోపలికెళ్లి, పెట్టె అడుగునుంచి దాన్ని తీసి కీ ఇచ్చారు. ఆడింది. అది ఇప్పుడు ఆయన చేతికే ఉంది.

నేను బ్లేడు తెచ్చి, అన్నయ్య వేలు పెట్టి చూపించిన చోట నాలుగిటుకలు కోసేశాను.

ఇప్పుడు అందరి ఫోన్లలోనూ సెకనుతో సహా ఒకటే టైము. బడి గేటు దగ్గర వేలు ముద్ర వేస్తే మిషనే చెబుతుంది ఎవరు ఎంత ఆలస్యమో, దానికి ఏ చెల్లెలి నడకా తెలియదు. మంచిదే, ఎవరి వాచీ చూసీ ఎవరూ నవ్వరు. కానీ ఒక మనిషి కోసం ఊరు ఊరంతా ఓ పది నిమిషాలు ఆగడం మాత్రం ఇక మనం చూడం.

అన్నయ్య ఇక్కడే ఉంటానన్నాడు, కైకలూరు వెళ్లలేదు. సాయంత్రం ఆరింటికి స్టూలు మీద కూర్చుని, ఆ కన్నం దగ్గర చెవి పెట్టి, రైలు చప్పుడు దాటాక కాసేపు ఆగి, సన్నగా కూత వేస్తాడు. టీ కాయడం ముందే అయిపోతుంది. అయినా గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడతాను, వాడు కూత వేసేదాకా పెరట్లో అడుగుపెట్టను.