పసుపు పెన్సిల్ సున్నా

మా ఎముకల డాక్టరుగారు పోయారని మంగళవారం పొద్దున మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, కూర్చునే ఉన్నావా? డాక్టర్‌గారికి హార్ట్ ఎటాక్ వచ్చిందట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే పోయారు."

నేను నిలబడే ఉన్నాను, ఆయన అమర్చిన తుంటి కీలు మీద.

ఐదేళ్ళ కిందట, ఎనభై ఆరులో, ఇక్కడే మా అమ్మాయి ఉండే ప్లేనో ఊళ్ళో, అరిగిన నా కుడి తుంటి తీసి లోహపు కీలు పెట్టారు. సిమెంటు వేయని రకం. అప్పటికి కొత్త.

"సిమెంటు లేకుండా ఎలా నిలుస్తుంది?" అన్నాను.

"మీ ఎముకే పెరిగి దాన్ని పట్టుకోవాలి మామ్మగారూ."

"పట్టుకోకపోతే?"

"మళ్ళీ ఆపరేషన్ చేయాలి."

"పదేళ్ళు ఉంటుందా?"

"ఇవి పెట్టడం మొదలుపెట్టే పదేళ్ళు కాలేదు. తెలియనిది తెలుసని చెప్పను."

ఆ మాట విన్నాకే సంతకం పెట్టాను.

ఏటా ఎక్స్‌రే తీసేవారు. గోడకు ఫిల్ములు చూసే దీపాల పెట్టె ఉన్నా, నాకూ కనబడాలని కిటికీ దగ్గరికి పిలిచేవారు. ఎడమ చేత్తో పాత ఫిల్మ్, కుడి చేత్తో కొత్తది గాజుకు ఆనించేవారు. ఎముకకూ లోహానికీ మధ్య నల్ల గీత కనబడకూడదు. కనబడిందంటే పట్టు వదులుతోందని అనుమానించాలి. నొప్పి ఎప్పుడు వచ్చిందో, ఎన్ని అడుగులకు తగ్గిందో నన్ను పుస్తకంలో రాయమన్నారు.

మూడో ఏడు "నొప్పి లేదు" అని రాసుకెళ్ళాను. నేను కారు దిగడం ఆయన కిటికీలోంచి చూశారు.

"పుస్తకం ఒకటి చెబుతోంది, కాలు ఒకటి చెబుతోంది. ఎవర్ని నమ్మమంటారు?"

"వ్రతానికి కింద కూర్చున్నాను."

"కుర్చీలో కూర్చుంటే దేవుడు అప్లికేషన్ రిజెక్ట్ చేస్తాడా?"

నేను రబ్బరు తీశాను. "చెరపకండి. కొట్టేసి కింద రాయండి. తప్పు కూడా కనబడాలి," అన్నారు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడి ముందు తలవంచుకుని రాశాను.

కిందటేడు ఫిల్మ్ మీద, తొడ మధ్యలో, కీలు తాలూకు లోహపు కాడ దిగిన చోట, పసుపు పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టారు.

"అది గీతేనా?"

"కావచ్చు, కాకపోవచ్చు. వచ్చే ఏడు పక్కపక్కన పెట్టి చూద్దాం."

మూడు వారాలుగా కుర్చీలోంచి లేవగానే మొదటి నాలుగడుగులకూ ఆ తొడే నొస్తోంది. ఆయనకే చెబుదామని పుస్తకంలో ఎక్కించలేదు. మంగళవారం సాయంత్రం కూర్చుని, ఏ రోజుది ఆ రోజు తేదీ కింద రాశాను. ఆయన పెట్టిన కీళ్ళతో నడిచేవాళ్ళు ఇది చదివే మన ఊరి తెలుగువాళ్ళలోనూ ఉన్నారు. మీరూ ఉన్నది ఉన్నట్టు రాసుకోండి.

కొత్త డాక్టరు వచ్చే గురువారం రమ్మన్నారు. డాక్టరుగారి ఆఫీసువాళ్ళు నా ఫిల్ములన్నీ ఒక పెద్ద కవరులో పెట్టి ఇచ్చారు. ఇవాళ పొద్దున వంటింటి కిటికీ దగ్గర నిలబడి, కిందటేటిది ఎడమ చేత్తో గాజుకు ఆనించాను. సున్నా లోపల గీత ఉందనిపించింది. కాసేపటికి లేదనిపించింది. కుడి పక్క, ఆయన కొత్తది పట్టుకునే చోట, గాజు ఖాళీగా ఉంది. అక్కడి నుంచి ఎండ నేరుగా కళ్ళలో పడుతోంది.