మతం గడిలో చెవి హోరు

చనిపోయిన పెద్దలు చెవిలో పిలుస్తున్నారని ఒక ముసలామె చెబితే, ఆ మాటను మీరు ఫారంలో మతం గడిలో రాస్తారా, ఆరోగ్యం గడిలోనా?

నేను మతం గడిలో రాశాను. ములకలపల్లి దాటాక అడవి అంచు పల్లెల్లో, ముసలితనంలో భక్తి గురించి సర్వే చేస్తున్న రోజులవి. ఒళ్లు ఉడిగేకొద్దీ మనిషి దేవుణ్ణి పట్టుకుంటాడన్నది మా సిద్ధాంతం. దేవుడు లేడని ఏళ్ల తరబడి వేదికల మీద వాదించిన నాకు అది బాగా నచ్చింది. ఆరోగ్యం గడిలో ఏదైనా రాస్తేనే మాతో వచ్చిన నర్సు బీపీ చూసేది.

ఆ ముసలామె తన వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది.

"చెవులల్ల పెద్దోళ్లు పిలుస్తున్నరయ్యా. పండుకోనిస్తలేరు."

"ఏమంటున్నరవ్వా, బట్టలు సర్దుకోమంటున్నరా?"

"నిన్ను గూడ తోల్కరమ్మంటున్నరు. గింత మాట్లాడేటోడు ఆడ లేడంట."

పక్కనే ఉన్న ఆమె కోడలు పకపకా నవ్వింది. నేనూ నవ్వి, ఆరోగ్యం గడిలో ఏమీ లేదన్నట్టు గీత కొట్టాను. బీపీ మిషను పది అడుగుల దూరంలో, జీపులోనే ఉంది.

ఫారం మీద ఆమె వేలిముద్ర తీసుకోవడం మరిచిపోయాను. దానికోసం రెండు వారాలకు మళ్లీ వెళితే ఆమె చాప మీద ఉంది. మూతి పక్కకు లాగింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట లేదు.

"నీకు చెప్పింది గద సారూ," అంది కోడలు. "తల దిమ్మెక్కి చెవుల హోరు పెడితే మా కాడ పెద్దోళ్లు పిలుస్తున్నరంటం."

"మరి దవాఖానాకు ఎందుకు తీస్కపోలే?"

"దవాఖానోళ్లే ఇంటికొచ్చిన్రు గద అనుకున్నం."

ఆ వేలిముద్ర నేను తీసుకోలేదు. వానలు పడకముందే ఆమె పోయింది.

సిద్ధాంతం లేకపోతే ఆ వాకిట్లోకి వెళ్లేవాణ్ణే కాదు. ఆ వాకిట్లో నా చెవులు మూసిందీ అదే. భక్తి కోసం వెతుకుతూ వెళ్లాను, జబ్బు మాట్లాడినా భక్తే వినిపించింది.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. ఎడమ చెవిలో సన్నటి హోరు. రక్తపోటని డాక్టరు చెప్పాడు, మాత్ర వేసుకుంటున్నాను. చచ్చినవాళ్లు పిలవరని ఈరోజుకీ వాదిస్తాను. అయినా హోరు మొదలైతే, గింత మాట్లాడేటోడు ఆడ లేడంట, అన్న ఆ గొంతే వినిపిస్తుంది.

ముసలివాళ్ల మాటను మూఢనమ్మకమని మీరు కాగితం మీద రాసి ఉన్నా, మనసులో అనుకుని ఉన్నా, వెనక్కి వెళ్లండి. ఒంట్లో ఎట్లా ఉందని అడగండి. బీపీ చూడండి. ఇవాళే వెళ్లండి.