వాడింకా ఆడుతున్నాడని చెప్పాను

మా వీధి చివర సోడా బండి అతను ఈమధ్య గ్లాసులో ఐసు ఎక్కువ వేసి సోడా తక్కువ పోస్తున్నాడు. అడిగితే ఎండలు కదండీ అంటాడు, గుంటూరుకు ఎండలు ఈ ఏడే వచ్చినట్టు. సోడా తగ్గిందని కాదు నా బాధ. ఆ ఐసుముక్కలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు వింటే నాకు ఒక ఎద్దు గుర్తొస్తుంది. ఐసుకీ ఎద్దుకీ ఏమిటి సంబంధం అని మీరు అడగాలి. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అందుకే అది గుండెల మీద అలాగే కూర్చుండిపోయింది. దించుదామంటే రెండో చెయ్యి కావాలి. మీరు కాస్త పట్టండి.

బి.టెక్. అయ్యాక మంగళగిరిలో ఒక ఆఫీసులో చేరాను. విదేశీ ఆటల వీడియోలు చూసి, ఏ ఆటగాడు ఏ క్షణంలో ఏం చేశాడో కంప్యూటర్లో గుర్తులు పెట్టడం మా పని. అందరం క్రికెట్ వస్తుందని ఆశపడ్డాం. నా వంతుకు జర్మనీ ఐస్ హాకీ వచ్చింది. గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకు ఇనప బ్లేళ్లు తొడుక్కుని, ఒక నల్లటి రబ్బరు బిళ్ల కోసం కర్రలతో కొట్టుకునే ఆట. అప్పటికి నేను చూసిన అతి పెద్ద ఐసు చేపల మార్కెట్లోది.

నాకిచ్చిన జట్టులో ఒక ఫార్వర్డ్ ఉండేవాడు. వీపు మీద పందొమ్మిది. పేరు చెప్పను, పాపం వాడికి ఇందులో ఏ భాగమూ లేదు. చిన్న ఊరి వాడు. చలికాలంలో వాళ్ల నాన్న పెరట్లో నీళ్లు పారించి గడ్డకట్టనిస్తే దాని మీద ఆట నేర్చుకున్నాడట. చిన్న లీగుల్లో ఏళ్లు గడిపి, అందరూ సర్దుకునే వయసులో పెద్ద లీగులోకి వచ్చాడు. గోల్స్ తక్కువ, పడటాలు ఎక్కువ. ఎవడో వచ్చి గోడకేసి గుద్దుతాడు. వీడు పడతాడు, లేస్తాడు, గుద్దినవాడి వైపు కూడా చూడకుండా బిళ్ల వెంట పోతాడు. నాకు వాడి మీద అంత కుతూహలం ఎందుకు? జీతానికి చూడాల్సిన దానికన్నా చాలా ఎక్కువే చూశాను. కారణం ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆదివారాలు సత్తెనపల్లి అవతల మా మావయ్య ఊరెళ్లేవాణ్ణి. మా అమ్మ తమ్ముడు. వేసేది మిరప, పత్తి. బతికేది మాత్రం ఒంగోలు గిత్తల జత కోసం. బండలాగుడు పందేలకు తిప్పేవాడు. పెద్ద రాతిబండకు జతను కట్టి, గంట కొట్టేలోపు ఎవరిది ఎక్కువ దూరం లాగితే వాళ్లు గెలిచినట్టు. ఒక ఆదివారం పశువుల కొట్టం దగ్గర కూర్చుని ఆయనకు ఫోన్లో పందొమ్మిదో నంబరు వాణ్ణి చూపించాను. మావయ్య ఫోన్ లాక్కుని మళ్లీ చూశాడు. మన కుడి గిత్త కూడా ఇంతేరా, పడ్డా పక్కకి చూడదు అన్నాడు. ఆ వారమే వాడు గోల్ కొట్టాడు. ఆ వారమే మా జత పందెం గెలిచింది. ఇంకేముంది, కుడి గిత్త పేరు జర్మనీ అయిపోయింది. వాడు ఆడాడని నా నోట వింటే తప్ప మావయ్య జతను బయటికి తీయడు. మాకు నమ్మకాలు లేవు, సెంటిమెంట్లే ఉన్నాయి.

ఆయనకు అర్థంకానిది ఒకటే. వాడు నిమిషమైనా ఆడకుండానే దిగిపోయి బల్ల మీద కూర్చుంటాడేమిటని. ఆ ఆట అంతే, ఉన్న బలమంతా పెట్టి ఆడి దిగిపోవాలి, ఇంకొకడు ఎక్కుతాడు, దిగడం కూడా ఆటలో భాగమే అని చెప్పాను. మావయ్య గిత్త మెడ గోకాడు. తర్వాత అన్నాడు, "వాడు ఆడినన్నాళ్లు ఇది లాగుద్ది. వాడు ఆపిన రోజున దీనికీ కాడి దించేస్తా."

నేను నవ్వాను. ఆయన నవ్వాడో లేదో చూడలేదు. మా వంశంలో జోకులు వేసేవాణ్ణి నేనే, కాబట్టి ఏది జోకో తేల్చే హక్కు కూడా నాదే అనుకునేవాణ్ణి.

రెండేళ్ల తర్వాత వాడు ఆట మానేశాడు. మోకాలు. ఆఫీసులో టీ తాగుతూ చదివాను, వార్త నాలుగు వరుసలు కూడా లేదు. ఆ ఆదివారం మావయ్య అడిగితే ఈ వారం మ్యాచ్ లేదన్నాను. అది అబద్ధం కాదు, వాడికి ఇక ఏ వారమూ లేదు. మరుసటి ఆదివారం ఆడాడన్నాను. ఆ తర్వాత చెయ్యి తిరిగింది. పాత వీడియోలు చూపించేవాణ్ణి. తలకు హెల్మెట్, పళ్లకు రబ్బరు తొడుగు, ఎవరికి తెలుస్తుంది? గోల్స్ మరీ ఎక్కువ ఇవ్వలేదు, నాకూ మనస్సాక్షి ఉంది.

ఎందుకు చేశాను? ఆయన బాధపడతాడనా? అలా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, వినడానికి బాగుంటుంది కాబట్టి. నిజానికి నేను బస్సు దిగగానే ఊళ్లో ఒక మనిషి పని ఆపి నాకోసం ఎదురొచ్చేవాడు. నా చదువు మొత్తంలో ఎవరికైనా పనికొచ్చింది ఆ వార్త ఒక్కటే. దాన్ని మోకాలు నొప్పి పేరు చెప్పి ఎలా వదులుకోను?

పెద్ద పందేనికి ముందు ఆదివారం. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో నిలబడి ఉన్నాం. జర్మనీ కొద్దిరోజులుగా ముందుకాలు ఆచి తూచి వేస్తోంది. నేనూ చూశాను.

"ఏరా అల్లుడూ, మనోడు ఆడాడా?"

"ఆడాడు మావయ్యా."

"మొన్న కాలు పట్టేసిందన్నావే."

అంతకు ముందు వారం అలా అన్నది నేనే. కథ రక్తి కట్టడం కోసం.

"తగ్గిపోయిందంట. ఒక గోల్ కూడా కొట్టాడు."

మావయ్య గిత్త వైపు చూశాడు. "అయితే ఇదీ లాగుద్ది."

లాగింది. రెండో మలుపు దాకా అందరికంటే ముందుంది. అక్కడ ముందుకాలు మడతపడి మోకాళ్ల మీద కూలింది. ఈలలు ఆగిపోయాయి. అది పక్కకి చూడలేదు. లేవడానికి చూసింది, మళ్లీ మళ్లీ చూసింది. నలుగురు పట్టి లేపారు. ఆ తర్వాత అది ఎప్పుడూ లాగలేదు. మావయ్య రెండో గిత్తను ఇచ్చేశాడు, పందేలు మానేశాడు. దీన్ని మాత్రం అమ్మలేదు. కొట్టంలో కట్టి మేపాడు. నేను జర్మనీవాడు కూడా ఆపేశాడని ఒక వారం ఆగి చెప్పాను. ఇద్దరూ ఒకేసారి, చూశావా అల్లుడూ, అని ఆయన నాకే ఆశ్చర్యంగా చెప్పాడు.

ఇన్నేళ్లూ నన్ను నిలబెట్టింది ఒకే ఒక వాదన. నేను నిజం చెప్పినా మావయ్య జతను కట్టేవాడే. పందెం పిచ్చి ఉన్నవాణ్ణి ఎక్కడో మంచులో ఉన్న వాడి మోకాలు ఆపుతుందా? ఆ మాట జోకుగా అన్నదే కదా? ఈ వాదనను ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానంటే, అంచులు అరిగి నున్నగా అయింది.

పోయిన నెల జర్మనీ చనిపోయింది. ముసలితనం. వెళ్లాను. పూడ్చిపెట్టి వచ్చాక మావయ్య కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. కళ్లు తుడుచుకున్నా ఎందుకని ఎవరూ అడగని చోటు అదొక్కటే, కాబట్టి అక్కడే చెప్పాను. మొత్తం. ఒక్క జోకు కూడా కలపకుండా. చెప్పడం పూర్తయ్యేసరికి ఒంట్లో ఏదో కిందికి దిగినట్టయింది. క్షమించమని అడగలేదు. అడిగితే అది కూడా ఆయన మీద ఇంకో బరువే.

మావయ్య చేతిలో కాయలు అలాగే ఉన్నాయి.

"మోకాలేనా?"

"మోకాలే."

"ఇప్పుడేం చేస్తన్నాడు?"

"పిల్లలకి ఆట నేర్పుతున్నాడంట."

తల ఊపాడు. కాయలు కింద పోసి, చేతులు దులుపుకున్నాడు.

"చెప్పుంటే కాడి దించేవాణ్ణిరా."