ఖాసింబీ వదులుకున్న వంతు

క్రిస్మస్ సెలవులు అయిపోతున్నాయంటే పిల్లలకే కాదు, పంతులమ్మలకూ ప్రాణం ఉసూరుమంటుంది. పంతొమ్మిది వందల యాభైల్లో నేను వికారాబాద్‌లో ఒక ఆడపిల్లల బడిలో పనిచేసేదాన్ని. ఎల్లుండి బడి తెరుస్తారనగా, నా తరగతిలో చదివే కరుణ ఇక రాదని కబురొచ్చింది. తెరిచిన రోజు రాకపోతే హాస్టల్లో చోటు ఇంకొకరికి పోతుంది. మనసు ఊరుకోక, తెల్లవారకముందే తాండూరు ప్యాసింజర్ ఎక్కాను. టికెట్టుకు కొన్ని అణాలే, చలి మాత్రం ఉచితం!

గంటన్నరలో తాండూరులో దిగి, స్టేషన్ బయట జట్కా మాట్లాడుకున్నాను. రాతి గనులు దాటగానే కనుచూపు మేర పండిన కంది చేలు, వాటి మీద తెల్లగా మంచు. అబ్బ, ఎంత అందం! నోరు తెరుచుకుని చూస్తుంటే జట్కావాలా నవ్వాడు. "జర గట్టిగ పట్టుకోండ్రి టీచరమ్మా, చూసుకుంట పడిపోతరు."

కరుణ వాళ్లింటి ముందు వెదురుకర్రకు కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతోంది. తల్లి శాంతమ్మ కొడవలితో గడపలోనే ఎదురైంది. "మొగుడు జరమొచ్చి మంచంల వడ్డడు టీచరమ్మా. మా చేను వంతు ఇంక నాలుగొద్దులకు గాని రాదు. కాయ అప్పుడే పగులుతున్నది. బిడ్డ గూడ పోతే ఒక్కదాన్ని ఏం జేయాలె?" ఆ ఊళ్లో ఆడవాళ్లు జట్టుకట్టి రోజుకొకరి చేను కోస్తారు. మంచు తడి ఉన్నంతసేపే కోత. ఎండెక్కితే కాయలు చిట్లి కందులు నేలపాలు. కరుణ తల దించుకుని ఏడుస్తోంది.

అంతలో పక్క చేను ఖాసింబీ జట్టును వెంటేసుకుని శాంతమ్మను పిలవడానికి వచ్చింది. ఆ రోజు వంతు ఆమెదే. సంగతి విని కాసేపు తన చేను వైపే చూసింది. "ఇయ్యాల శాంతమ్మ చేనుల దిగుండ్రి. నా వంతు ఆమెకిస్తున్న."

"నీ కాయ గూడ పగులుతున్నది గదనే!" అన్నారు వెంట ఉన్నవాళ్లు.

"రాలిన కందులు ఏరుకుంటం. గీ పిల్ల సదువు రాలిపోతే యాడ ఏరాలె?"

సాలుకొకరు దిగారు. కొడవళ్ల చప్పుడు తప్ప మాట లేదు. పొగమంచు విడేసరికి చేనంతా కట్టలైంది.

మధ్యాహ్నం రైలుకు కరుణను వెంటబెట్టుకుని బయల్దేరితే, దారిలో ఖాసింబీ తన చేలో గొంతుక్కూర్చుని కందులు ఏరుతోంది. కరుణ జట్కాలోంచి దూకి పరుగెత్తి ఆమె పక్కన కూర్చుని ఏరసాగింది. ఖాసింబీ కసిరింది. "రైలు పోతది, లే బిడ్డా! ఇంగ పో!"

మర్నాడు గంట కొట్టారు, హాజరు పిలిచాను. రోజూ వినే మాటే. కానీ కరుణ "వచ్చిన టీచర్" అనగానే తలెత్తి ఆ పిల్లను చూశాను. ఆ ఒక్క పలుకు కోసం ఒక చేను రాలిందని ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

మీరూ కంది కోతల రోజుల్లో అటు వెళితే, పొద్దున్నే వెళ్లి మంచులో చేలు చూడండి. ఎండెక్కాక మాత్రం గట్టు మీదే నిలబడండి. మీ చీర కుచ్చిళ్లు తగిలినా చాలు, కంది రాలిపోతుంది.