మూడో మేకు

నా చిన్నప్పుడు మా ఇంటి గోడ ఒకటి నన్ను పేరు పెట్టి పిలిచేది. తిరుపతిలో మా వీధి పిల్లలందరికీ ఈ మాట చెప్పి చాలాకాలం గొప్పగా తిరిగాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, పిలవలేదు. వేలి కణుపుతో కొడితే ‘డబ్ డబ్’మనేది, అంతే. కానీ ఇంట్లో తక్కిన గోడలేవీ అలా పలికేవి కావు.

ఆ గోడకు ఒకప్పుడు గూడు ఉండేదని నాకు గుర్తు. అమ్మ అందులో దీపం పెట్టేది. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. కొన్ని నెలలు నన్ను అవ్వ దగ్గర ఉంచారు. తిరిగి వచ్చేసరికి గోడ నున్నగా, తెల్లగా ఉంది, గూడు లేదు. దాని చోట అమ్మ ఫొటో వేలాడుతోంది. గూడు ఏదని అడిగితే నాయన వినపడనట్టు బయటికి వెళ్లిపోయాడు. నేనే కలగన్నానేమో అనుకుని ఊరుకున్నాను.

ఏడాది తిరిగాక నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినామెను చిన్నమ్మా అని పిలవమన్నారు. పలమనేరు మనిషి. నాకు తల దువ్వబోతే విదిలించుకుని పారిపోయేవాణ్ణి. ఆమె వచ్చిన పదిహేను రోజులకు అమ్మ ఫొటో మేకుతో సహా కింద పడింది. పక్కనే ఇంకో మేకు కొట్టారు. ఒక శుక్రవారం చిన్నమ్మ కనకాంబరాల మాల వేసి ఇటు తిరిగిందో లేదో, మళ్లీ పడింది. ఈసారి అద్దం పగిలింది.

అప్పటికి ఇల్లు చూసుకోవడానికి వచ్చి మాతోనే ఉంటున్న మా మేనత్తకు, అంటే నాయన వాళ్ల అక్కకు, ఇంకో సాక్ష్యం అక్కరలేకపోయింది. “సచ్చినామెకు ఇష్టం లేదురా. ఈమె చేతి పూలు గూడా ఓర్సుకోలేకుండా ఉండాది. ఇంకొకసారి గాని పడిందంటే పుట్టింట్లో వదిలేసి వస్తా, సూడు!” అంది. నాయన తల వంచుకున్నాడు. నేను మాత్రం ఆ మాటను జాగ్రత్తగా విన్నాను.

మూడో మేకు కొట్టి తగిలించినా, మూడోసారి పడింది. ఒక ఉదయం, ఇంట్లో అందరూ పెరట్లో ఉన్నప్పుడు. గోడలోంచి అమ్మ మూలుగు విన్నానని కూడా చెప్పాను. మూలుగా, నా మొహమా! ముక్కాలి పీట ఎక్కి, మేకును అటూ ఇటూ ఊపి లాగింది నేనే. సున్నం రాలి నా తలంతా పడింది.

మేనత్త మధ్యాహ్నం బస్సుకు బయలుదేరదామంది. చిన్నమ్మ తన ట్రంకు పెట్టెను నడవలోకి తెచ్చుకుని దాని మీదే కూర్చుంది. ఏడవలేదు. పెట్టె మీద లేని దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉంది. నేను గెలిచాననుకున్నాను. అయినా ఆవైపు చూడలేకపోయాను.

విరిగిన పటం బాగుచేయించాలని నాయన మా వీధి చివరి వడ్రంగిని పిలిపించాడు. మేమంతా సాయిబు తాత అనేవాళ్లం. ఆయన పటం కన్నా ముందు పెట్టెను చూశాడు, తర్వాత పెట్టె మీది మనిషిని. మేనత్త కథంతా చెప్పింది. ఆయన వాకిలి దగ్గర నుంచి గోడను సుత్తి పిడితో తడుతూ వచ్చాడు. ఠక్ ఠక్, ఠక్ ఠక్. ఫొటో ఉన్న చోటికి వచ్చేసరికి, డబ్ డబ్.

“ఈడ గోడ యాడుండాదమ్మా? గోడ మాదిరి సున్నం ఉండాది, అంతే. లేని గోడకు మేకు కొట్టి, పడితే పాపం సచ్చినామె మీద ఏస్తారా?” అన్నాడు. తర్వాత నాయన వైపు తిరిగి, “అప్పా, ఈడ ముందు గూడు ఉండెనా?” అని మెల్లగా అడిగాడు.

నాయన గోడ మీద అరచెయ్యి ఆనించాడు. “ఆమె బొట్టుపెట్టె, దువ్వెన దాంట్లోనే ఉండాయి. తీయలేకపోయినా. ఇటుకలు నిలబెట్టి మూయించేసినాను,” అన్నాడు.

నేను కలగనలేదు. గూడు అక్కడే ఉంది, అమ్మ దువ్వెనతో సహా.

పటాన్ని పక్కన గట్టి గోడకు తగిలిద్దామా అని సాయిబు తాత అడిగితే, నాయన అక్కడే ఉండాలన్నాడు. తాత రెండు ఇటుకల సందున సన్నటి ఉలితో బెజ్జం చేశాడు. ఆ బెజ్జం దగ్గర ముక్కు పెడితే అమ్మ పసుపు వాసన వచ్చిందని ఇన్నాళ్లూ చెప్పాను. వచ్చింది ఇటుక పొడి వాసనే. కాస్త చల్లగాలి తగిలింది. అది మాత్రం నిజం.

పని చేస్తూ ఆయన నాకు చెప్పిన మాటలు ఇవి: “గట్టి గోడలో చెక్క బిరడా దిగ్గొట్టి మేకు కొడితే, అది పక్కలను బిగించి పట్టుకుంటాది. బోలు గోడకు పట్టుకునేదానికి పక్కలే లేవు. ఎనక నుంచి పట్టుకోవాల.” వేలెడు టేకు పుల్ల తీసుకుని దాని నడుముకు పేనిన తీగ కట్టాడు. పుల్లను నిలువుగా బెజ్జంలోకి తోసి తీగ లాగాడు. లోపల అది అడ్డం తిరిగి ఇటుకల వెనక బిగుసుకుంది. తీగ కొనను కొక్కెంలా వంచి, నన్ను పట్టుకుని లాగమన్నాడు. ఊయల ఊగానని చెబుతుంటాను గానీ, నా కాళ్లు నేల వదల్లేదు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు.

భేష్ అంటూ ఆయన నా తల నిమిరాడు. చేతిని చూసుకున్నాడు, తెల్లగా ఉంది. అటు మేనత్త, ఇటు నాయన. ఆయన కింద పడి ఉన్న మేకును తీసి, వంగి నా చెవిలో అన్నాడు: “రెండు వాటంతట అవే రాలినాయి. మూడోది నీ కాడే పెట్టుకో బేటా.” మేకును నా గుప్పిట్లో పెట్టి వేళ్లు మూశాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు.

“బస్సు పోతే పోనీ. పెట్టె మీద కూసుంటే అన్నం ఎవరు వండుతారు తల్లీ?” అంది మేనత్త. క్షమాపణ అంటే ఆమెకు అదే. చిన్నమ్మ లేచి వంటింట్లోకి పోతూ పోతూ ఆగి, కొంగుతో నా తల తుడిచింది. పారిపోలేదు నేను. కొంగుకు అంటిన సున్నం వైపు ఆమె ఒక్క క్షణం చూసింది. ఏం తెలిసిందో ఆమెకే తెలియాలి.

పెద్దయ్యాక ఆమెకు అంతా చెప్పి కాళ్లు పట్టుకున్నానని బంధువులతో అంటుంటాను. చెప్పలేదు. ఆమె నిరుడు పోయింది.

ఇప్పుడుండే ఫ్లాటులో గోడలన్నీ బోలు ఇటుకలవే. చిన్నమ్మ ఫొటో తగిలించడానికి వచ్చినాయన డ్రిల్లు మిషనుతో పాటు మామూలు ప్లాస్టిక్ బిరడా తీశాడు. నేను గోడను తట్టి వినిపించి, లోపలికి వెళ్లాక రెక్కలు విప్పుకునే బోల్టు తెప్పించాను. అమ్మ పక్కనే ఆమెను తగిలించాం.

మూడో మేకు తుప్పు పట్టి నా కళ్లజోడు పెట్టెలో ఉంది. పొద్దున లేవగానే గోడ కన్నా ముందు నేల చూస్తాను. ఏ కోపమూ లేని అమ్మ ఫొటో ఆనాడు మూడుసార్లు పడింది. కోపం ఉండాల్సిన చిన్నమ్మ ఫొటో ఇంతవరకు ఒక్కసారీ పడలేదు.