ఒడ్డు వైపు తిరిగిన కెమెరా

ధర్మపురిలో ఉత్త కొమురెల్లి అంటే ఏ కొమురెల్లి అని అడుగుతారు. పెండ్లి వీడియో కొమురెల్లి అంటే మాత్రం గోదావరి అవతలి ఊళ్ళవాళ్ళు కూడా ఇంటిదాకా తీసుకొచ్చి దింపుతారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎవరూ ఆయన కెమెరా కన్నుగప్పి తాళి కట్టలేదు. మొదట్లో భుజం మీద మోసే బండ కెమెరా, క్యాసెట్లు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా. కెమెరా చిక్కిపోయింది గానీ కొమురెల్లి చిక్కలేదు. పెళ్ళి భోజనాల మహిమ.

మనిషి బంగారం, చాదస్తం మాత్రం తక్కువేమీ కాదు. పందిట్లో ఒక్క ముఖాన్నీ వదలడు. వదిలితే ఏ మేనమామో ఏడాది తర్వాత బజార్లో పట్టుకుని "మేం రాలేదనుకున్నవా?" అని నిలదీస్తాడని భయం. చెయ్యి ఊగకూడదని ఊపిరి బిగబట్టి తీసేవాడు.

ఇన్ని తీసినా ఆయనకొక దిగులుండేది. ఆ ఇంటివాళ్ళు తప్ప ఎవరూ చూడరు. వాళ్ళైనా తమ ముఖం వచ్చేదాకా కూర్చుని లేచిపోతారు. "మనతోని ఏం సంబంధం లేనోడు గూడ కూసోని సూసేది ఒక్కటన్న తియ్యాలె" అని భార్య యాదవ్వతో అనేవాడు. "ముందుగాల మన పెండ్లి క్యాసెట్ ఏడున్నదో సూడు" అనేది ఆమె. ఊరందరి పెళ్ళిళ్ళూ భద్రంగా దాచిన మనిషి సొంత పెళ్ళి క్యాసెట్ మీద ఎవరిదో తొట్టెల ఫంక్షన్ తీసేశాడు. ఆ కేసు ఆ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

అలాంటి కొమురెల్లిని వెతుక్కుంటూ వందన వచ్చింది. కరీంనగర్ పిల్ల, హైదరాబాద్‌లో సినిమా చదువు చదివింది. చేతనైనంత డబ్బు కూడబెట్టి తన బాపమ్మ చంద్రవ్వ చిన్నతనాన్ని సినిమాగా తీస్తోంది. డెబ్బై ఏళ్ళ కిందట చంద్రవ్వ పెళ్ళి ధర్మపురిలో జరిగింది. ఊహ తెలిసీ తెలియని వయసులో పడవెక్కి గోదావరి దాటి అత్తగారింటికి పోయింది. ఆ వానాకాలమే కలరా తగిలి ఆమె తండ్రి పోయాడు. ఏరు నిండుగా ఉండి, కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. ఆ తండ్రికి ఒక్క ఫోటో కూడా లేదు.

"పాతకాలం సినిమా అంటే అందరు గోడకు తగిలేసిన పటాలోలె ఉంటరన్నా" అంది వందన. "అంత మట్టిరంగు, మెల్లగ కదిలే కెమెరా. నాకట్ల వద్దు. గా పెండ్లికి వచ్చిన మనిషెవరో గుంపుల నడుచుకుంట సూసినట్టుండాలె. కెమెరా చేతులనే పట్టుకోవాలె. పెండ్లి గుంపుల నీ అంత సులువుగ ఎవరు తిరుగుతరు?"

"చేతుల పట్టుకుంటె జర ఊగుతది మేడం."

"ఊగనీ అన్నా."

ఊగకపోవడానికే జీవితమంతా ఊపిరి బిగబట్టినవాడికి ఆ మాట మింగుడు పడలేదు. అయినా సినిమా కదా, సరేనన్నాడు.

షూటింగ్ మొదటిరోజే అసలు తంటా మొదలైంది. పెళ్ళి జనంగా నిలబడడానికి వచ్చిన ఊరివాళ్ళు కెమెరా వెనక కొమురెల్లిని చూశారు. ఇంకేముంది, అది నిజం పెళ్ళే అయిపోయింది. ఆడవాళ్ళు ముఖాలకు పౌడర్ పూసుకొచ్చారు. కెమెరా దగ్గరికి రాగానే అందరూ తినడం ఆపి నవ్వారు. ఒకాయన చేతిలో విస్తరితోనే కెమెరాకు దండం పెట్టాడు. పాత రీలు కెమెరా అయితే కొంచెం మెత్తగా చూసి కొన్ని కప్పిపుచ్చేదేమో. డిజిటల్ కెమెరాది అత్తగారి కన్ను, ఏదీ వదలదు. పెళ్ళికూతురి వేషం వేసిన పిల్ల జబ్బ మీది టీకా మచ్చ దగ్గర్నుంచి పంచె అంచున మిషన్ కుట్టు దాకా అన్నీ పట్టిచ్చింది. వీటికి తోడు కొమురెల్లి తన ధోరణిలో తాను అందరి ముఖాలనూ వరసగా చుట్టి వచ్చాడు.

"ఈ క్యాసెట్ కావాల్నని ఎవ్వరడుగరన్నా. పిల్ల మీదనే ఉండు" అని వందన బతిమాలింది.

చివరికి పడవ సీను వచ్చింది. నాటుపడవ ఆ ఒక్క సాయంత్రానికే దొరికింది. అందులో పట్టింది పెళ్ళికూతురు, పడవ నడిపేవాడు, కెమెరాతో కొమురెల్లి, అంతే. తండ్రి వేషంలో సాంబయ్య ఒడ్డున ఉన్నాడు. ఆయన శ్రీరాంపూర్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయినవాడు, షూటింగ్ అంటే జుట్టుకు రంగేసుకుని మరీ వచ్చాడు.

"అప్పగింతలైనంక పిల్ల ఎనుకకు తిరిగి సూడొద్దంట. బాపమ్మ గట్లనే తలకాయ వంచుకోని పోయింది. పడవ పోయినంతసేపు కెమెరా పిల్ల మీదినుంచి కదలొద్దన్నా" అని వందన మరీ మరీ చెప్పింది.

పడవ కదిలింది. పిల్ల తల వంచుకుంది. కొమురెల్లి ఆ తల మీదే కెమెరా పట్టాడు. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఎన్ని అప్పగింతలు తీశాడో, ప్రతిసారీ కారు కదలగానే ఆయన తండ్రి వైపు తిరిగేవాడు. పిల్ల చూడకూడనిది తర్వాతైనా చూసుకుంటుందని ఆయన ఆరాటం. ఆ సాయంత్రమూ అంతే. తెలియకుండానే భుజం తిరిగింది, దాంతోపాటు కెమెరా తిరిగింది. ఒడ్డు కనబడింది. నీళ్ళలో మోకాళ్ళదాకా దిగి సాంబయ్య కనబడ్డాడు. ఎండ కళ్ళలో పడి కాబోలు, వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. ఆయన వెనక సెల్ టవర్ కూడా నిక్షేపంగా కనబడింది. పడవ ఊగింది, బొమ్మ ఊగింది. కొమురెల్లి తెలివిలోకి వచ్చి మళ్ళీ పిల్ల వైపు తిరిగేసరికి పొద్దు గుంకింది.

వందన పడవవాడికి డబ్బులిచ్చి సామాను సర్దించింది. తిట్టినా బాగుండు అనుకున్నాడు కొమురెల్లి.

వారం తర్వాత ఫోన్ చేసింది. "సినిమా కూర్పు చేసే ఆయన సూసిండన్నా. డెబ్బై ఏండ్ల కిందటిది కాదు, మొన్న ముహూర్తాలల్ల తీసిన పెండ్లి వీడియో లెక్క ఉందన్నడు. నాకూ గట్లనే అనిపిస్తుంది. బాపమ్మకు ఒకసారి సూపెడుదం. ఆమెకు గూడ తన కాలం లెక్క కనవడకపోతె, హైదరాబాద్ నుంచి వేరే కెమెరామన్‌ను పిలిచి, స్టాండ్ మీద పెట్టి మొత్తం మల్ల తీస్త. నీ మీద కోపం లేదన్నా."

కోపం లేదన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన సినిమా ముచ్చట ఇప్పుడు ఒక ముసలామె చేతిలో పడింది.

కరీంనగర్‌లో ఆ మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి టీవీ పెట్టారు. చంద్రవ్వ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కొమురెల్లి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా.

మొదట్నుంచీ ఆమె వంకలే పెట్టింది. "గంత పసుపు ఎవరు రాసిండ్రే? పిల్ల మరీ బక్కగున్నది. మా కాలంల గిట్ల పండ్లు బయటపెట్టి నవ్వుతె వీపు పగిలేది." ఒక్కో మాటకూ కొమురెల్లి ఒక్కో అడుగు బయటికి జరిగాడు.

పడవ సీను వచ్చింది. వంచిన తల, నీళ్ళు, మళ్ళీ తల. ఉన్నట్టుండి బొమ్మ గిర్రున తిరిగి ఒడ్డు కనబడింది. సాంబయ్య వంగి ముఖం కడుక్కున్నాడు.

చంద్రవ్వ కాళ్ళు దగ్గరికి లాక్కుంది. "మల్ల పెట్టు" అంది.

వందన మళ్ళీ పెట్టింది. ఆమె ముందుకు వంగి చూసింది. "ఏడ్సింది కనవడొద్దని మొఖం కడుక్కుంటున్నడే మా బాపు."

"ఎనుక టవర్ ఉన్నది బాపమ్మా, గది తీసేస్తం."

"ఏం టవరు?" అంది చంద్రవ్వ, కళ్ళు తిప్పకుండానే. "మల్ల పెట్టు."

మూడోసారి కూడా చూసింది. వందన ఉండబట్టలేక అడిగేసింది. "పెండ్లి వీడియో లెక్క లేదా బాపమ్మా?"

"పెండ్లే గదనే" అంది ఆమె.

వందన కొంగుతో ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది. హైదరాబాద్ కెమెరామన్‌కు రావద్దని చెప్పి, కొమురెల్లి వైపు తిరిగి, రేపు పొద్దున్నే షూటింగ్ అంది. ఆయన తల ఊపాడు.

పోయొస్తానని చెప్పడానికి ఆయన మంచం దగ్గరికి వెళ్తే చంద్రవ్వ ముంజేయి పట్టుకుంది. అది సినిమా అని, ఆ పిల్ల తాను కాదని ఆమెకు బాగా తెలుసు. అయినా ఆయన ముఖంలోకి చూస్తూ నిజంగానే అడిగింది.

"నువ్వు గా పడవల ఉన్నవా కొడుకా?"

కొమురెల్లి ఒకసారి వందన వైపు చూశాడు.

"ఉన్న అవ్వా" అన్నాడు.

"నన్ను తలకాయ ఎత్తనియ్యలే" అంది చంద్రవ్వ, ఆయన చెయ్యి వదలకుండా. "నువ్వన్న సూసినవు."